ప్రయోగశాలయు ఆటస్థలమును

చదువునకును ఆటకును పొత్తు కుదరదని తలచువారు మన ప్రాంతమున నేటికిని పెక్కురు గలరు. పదవ తరగతి పరీక్షలు సమీపించుసరికి బంతియు బ్యాటును అటక మీది కెక్కును. ఇక బిడ్డకు కాలో చేయో కన్నో సరిగా లేనియెడల ఈ తలంపు మఱింత గట్టిపడును. "వీనికి ఆట యెందులకు? ఒకచోట కూర్చుండి చదువుకొననిండు" అని ఇంటివారందురు. వ్యాయామపు గంటలో అట్టి బిడ్డ తక్కినవారి పుస్తకపు సంచులకు కావలి కూర్చుండుట ఎన్నో పాఠశాలలలో కానవచ్చు దృశ్యమే. వింత యేమనగా, చదువులోనైనను ఆ బిడ్డకు తలుపులన్నియు తెఱచి యుండవు. ప్రయోగశాలలో నిలువబడవలెను గదా, గాజు సామానులు పట్టుకొనవలెను గదా అని చెప్పి, విజ్ఞానశాస్త్రము వలదు, మఱియొక సులువైన చదువు చూచుకొమ్మని పెద్దలే దారి మళ్లింతురు. ఈ విధముగా ఒక్క కారణము చేత రెండు ద్వారములును మూతపడును.

ఈ రెండు ద్వారములను తెఱచుకొని లోనికి పోయినవారు లోకమున లేకపోలేదు. శాస్త్రమునో యంత్రవిద్యనో వైద్యమునో అభ్యసించి, అదే జీవితమున వికలాంగుల క్రీడలలో ప్రపంచస్థాయి నందుకొన్నవారు కొందఱు గలరు. వారిలో ఒకరిద్దఱి కథలు మన తెలుగునేలతో ముడిపడి యున్నవి. వారు ఈ రెండు సాధనలను ఎట్లు పొసగించుకొనిరి, అందులకు ఏమి విడిచిరి అనునది విచారింపదగిన విషయము.

ముందుగా ఈ క్రీడల పుట్టుకను గూర్చి రెండు మాటలు. ఇవి ఆటస్థలమున పుట్టినవి కావు, ఆసుపత్రిలో పుట్టినవి. లుడ్విగ్ గుట్‌మన్ అను నాడీవైద్యుడు జర్మనీ దేశపు యూదుడు. హిట్లరు ఏలుబడిలో నిలువలేక 1939లో ఇంగ్లండు చేరెను. అచ్చట స్టోక్ మాండెవిల్ అను చోట, యుద్ధమున వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కొఱకు 1944లో ఏర్పఱచిన చికిత్సాశాలకు ఆయన అధిపతి యయ్యెను. అంతకు పూర్వము అట్టి రోగులు మంచమున పడి, వీపు పుండ్లతోను మూత్రకోశ వ్యాధులతోను కొలదికాలముననే మరణించెడివారు. గుట్‌మన్ వారిని మంచము దింపి చక్రాల కుర్చీ లెక్కించి, చేతికి ఆట నిచ్చెను. 1948 జూలై 29వ తేదీన, లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన నాడే, 16 మందితో విలువిద్యా పోటీ జరిపించెను. ఆ చిన్న పోటీయే పెరిగి 1960లో రోము నగరమున 23 దేశముల నుండి 400 మంది పాల్గొన్న క్రీడోత్సవ మయ్యెను. దానినే నేడు మొదటి పారాలింపిక్ క్రీడలుగా లెక్కింతురు. కావున ఈ క్రీడయు శాస్త్రమును పరాయివారు కారు, ఒక తల్లి బిడ్డలే.

ఇక మన కథకు వత్తము. 2019వ సంవత్సరము ఆగస్టు నెలలో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగెను. మన పి.వి. సింధు అచ్చట స్వర్ణపతకము గెలిచిన సంగతి పసిపిల్లలకును తెలియును. అదే నగరమున, అదే వారమున, వికలాంగుల ప్రపంచ పోటీలలో మఱియొక స్త్రీ స్వర్ణపతకము గెలిచెను. ఆమె పేరు మానసీ జోషి. ఆమెయు హైదరాబాదున పుల్లెల గోపీచంద్ శిక్షణాలయము నుండియే పోయినది. సింధును వార్తాపత్రికలు ఆకసమున కెత్తినవి. మానసి విజయము కొన్ని దినములు గడచిన పిమ్మటగాని జనుల చెవిన పడలేదు.

మానసీ జోషి తెలుగువారి ఆడపడుచు కాదు, ముంబయిలో పెరిగినది. తండ్రి భాభా అణు పరిశోధన కేంద్రమున పనిచేసినవాడు. ఆరేండ్ల ప్రాయమున కూతునకు రాకెట్టు పట్టుట నేర్పినవాడు నాతడే. ఆమె ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు 2010లో ముగించి సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగమున చేరెను. 2011 డిసెంబరులో ద్విచక్ర వాహనముపై పనికి పోవుచుండగా లారీ ఢీకొనెను. గాయము కుళ్లుటచే ఎడమకాలు తీసివేయవలసి వచ్చెను. అప్పటి కామె వయస్సు 22 ఏండ్లు. కృత్రిమపాదముతో నడక నేర్చి, మరల ఉద్యోగమునకు పోయి, చిన్నతనపు ఆటను మరల చేపట్టెను. 2015లో ప్రపంచ పోటీలలో మిశ్రమ ద్వంద్వ ఆటయందు రజతము గెలిచెను. ఆ పోటీలు జరిగిన స్థలము గుట్‌మన్ వైద్యశాల యున్న స్టోక్ మాండెవిల్లే యగుట చూడుడు. 2017లో కాంస్యము, 2018 జకార్తా ఆసియా పారా క్రీడలలో కాంస్యము వచ్చినవి. ఆ 2018లోనే ఆమె హైదరాబాదు వచ్చి పూర్తికాలపు శిక్షణలో చేరెను. మఱుసటి యేడే బాసెల్ నగరమున అనుభవజ్ఞురాలైన పారుల్ పర్మారును 21-12, 21-7 తేడాతో ఓడించెను.

ఈ ఆటలో వర్గములను గూర్చి కొంత తెలిసికొననిదే పైమాటల బరువు తెలియదు. వైకల్యము ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున నుండును గనుక, సమానులు సమానులతోనే పోరాడునట్లు క్రీడాకారులను వర్గములుగా విభజింతురు. చక్రాల కుర్చీలో ఆడువారికి రెండు వర్గములు, నిలిచి ఆడువారిలో కాలి వైకల్యము గలవారికి ఎస్.ఎల్. 3, ఎస్.ఎల్. 4 అను రెండు వర్గములు, చేతి వైకల్యము గలవారికి ఒకటి, పొట్టివారికి ఒకటి గలవు. మానసి వర్గము ఎస్.ఎల్. 3, అనగా కాలి వైకల్యము ఎక్కువగా గలవారిది. ఈ వర్గమువారు ఒంటరి ఆటను కోర్టు వెడల్పులో సగముననే ఆడుదురు. పొడవు మాత్రము తగ్గదు. వల నుండి వెనుక గీతవఱకు 6.70 మీటర్లు ఎవరికైనను అంతయే. ప్రక్కలకు కొట్టి గెలుచుటకు చోటు లేదు గనుక ఆట యంతయు ముందు వెనుకల ఆట యగును: ఒక దెబ్బ వల చెంతకు, మఱియొకటి వెనుక గీత కడకు. రెండు కాళ్లు గలవానికే ముందుకు దుమికి తక్షణమే వెనుకకు మరలుట శ్రమ. మడమలో బలము లేని కృత్రిమ పాదముతో ఆ పని చేయవలెననగా తుంటియు నడుమును మంచికాలును ఆ భారమంతయు మోయవలెను.

రెండు సాధనల నడుమ కాలము పంచుకొనుట అను మాటకు ఇచ్చట క్రొత్త అర్థము వచ్చును. సాధారణ క్రీడాకారుడు ఉద్యోగమును ఆటను పంచుకొనవలసినవాడు. వికలాంగ క్రీడాకారునికి మూడవ అప్పులవాడొకడు దినమును ఇంటి గుమ్మమున కూర్చుండును. వాడు తన శరీరమే. కాలి మోడుపై తొడిగెడు తొడుగు చెమటతో జారును, చర్మమును ఒరయును. చిన్న పుండు పడిన చాలును, అది మానువఱకు ఆట లేదు, నడకయు కష్టమే. మోడు ఉదయమున ఒక పరిమాణమున నుండి దినము గడచుకొలది కొంత తగ్గును. అందుచేత తొడుగు వదులై, మేజోళ్ల పొరలు చేర్చుకొనవలసి వచ్చును. నెలలు గడచిన కొలది కండలు మాఱి తొడుగే సరిపోకుండ పోవును. మానసీ జోషి అయిదేండ్లుగా వాడుచున్న పాత తొడుగు వలన తన వ్యాయామము మందగించుచున్నదని తెలిసికొని, బాసెల్ పోటీలకు పూర్వము దానిని మార్పించుకొనెను. దీనిని చిన్న సంగతిగా ఎంచరాదు. ప్రపంచ విజేత కాగలిగిన ఆటగత్తెను ఒక ప్లాస్టిక్ గిన్నె వంటి వస్తువు నిలిపి యుంచెను! యంత్రవిద్య చదివినవారికి ఇట్టి లోపమును కొలచి, కారణము వెదకి, మార్చుకొను అలవాటుండుట వారికి క్రీడలోను మేలే చేయునని నా యభిప్రాయము.

ఉద్యోగము విడిచి క్రీడకే అంకితమైనవారికి వేఱొక ప్రమాదము గలదు. అది తమ చేతిలో లేనిది. బ్యాడ్మింటన్ పారాలింపిక్ క్రీడలలో మొదటిసారి చేరినది టోక్యో క్రీడలలో. అవి 2021లో జరిగినవి. కాని ఆ క్రీడలలో స్త్రీల ఎస్.ఎల్. 3 ఒంటరి ఆటను చేర్చలేదు. ప్రపంచ విజేతయై యుండియు మానసి కచ్చట తన సొంత ఆట లేకపోయెను. 2024 ప్యారిస్ క్రీడలలో ఆ ఆట చేరినపుడు ఆమె పాల్గొనెను గాని మొదటి దశ దాటలేకపోయెను. ఉద్యోగమును వదలి ఆటను నమ్ముకొనుమని మనము ఒకరికి సలహా చెప్పునపుడు ఈ సంగతి మఱువరాదు. దూరదేశమున కూర్చుండి పట్టిక వ్రాయువారు ఒక వరుస కొట్టివేసినచో నాలుగేండ్ల ప్రాయము పోవును.

రెండవ కథకు మూలము విశాఖపట్టణము. నితేశ్ కుమార్ హర్యానా వాడు. తండ్రి నౌకాదళమున ఉద్యోగి. 2009లో విశాఖపట్టణమున జరిగిన రైలు ప్రమాదమున ఆ బాలుడు ఎడమకాలు కోల్పోయెను. అంతవఱకు కాలిబంతి ఆటయందు మక్కువ గలవాడు. నెలల తరబడి మంచమున నుండి, లేచిన పిమ్మట చదువుపై మనస్సు నిలిపి, 2013లో మండి నగరపు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు విద్యార్థిగా చేరెను. ఆ విద్యాలయముననే అతనికి బ్యాడ్మింటన్ పట్టుబడెను. ఇది గమనింపదగినది: ఆట చదువును చెడగొట్టలేదు, చదువు చెప్పు చోటనే ఆట దొరకెను. 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్యారిస్ నగరమున ఎస్.ఎల్. 3 పురుషుల తుదిపోటీలో నితేశ్ ఇంగ్లండు వాడైన డానియల్ బెతెల్‌ను 21-14, 18-21, 23-21 తేడాతో గెలిచి స్వర్ణపతకము పొందెను. ఆ ఆట గంటకు పైగా, ఇంచుమించు 80 నిమిషములు సాగెను. పైన చెప్పిన ముందు వెనుకల ఆట ఎంత దీర్ఘమో దీనిని బట్టి ఊహించుకొనవచ్చును.

వీరిరువురు వృత్తినో చదువునో ముందు పెట్టుకొని తరువాత క్రీడకు వచ్చినవారు. దీనికి తలక్రిందులైన దారియు గలదు. జాన్ మెక్‌ఫాల్ అను ఆంగ్లేయుడు 2000లో, 19 ఏండ్ల వయస్సున, మోటారు సైకిలు ప్రమాదమున కుడికాలు పోగొట్టుకొనెను. పరుగు నేర్చి 2008 బీజింగు పారాలింపిక్ క్రీడలలో 100 మీటర్ల పరుగున కాంస్యము గెలిచెను. పిమ్మట పరుగు విడిచి వైద్యవిద్య చదివి 2014లో పట్టభద్రుడై, ఎముకల శస్త్రవైద్యమున ప్రవేశించెను. 2022 నవంబరులో ఐరోపా అంతరిక్ష సంస్థ అతనిని వ్యోమగాముల బృందమునకు ఎన్నుకొనెను. కాలు లేనివాడు అంతరిక్ష కేంద్రమున నెలల తరబడి ఉండి పనిచేయగలడా యని పరీక్షలు జరిపి, చేయగలడని 2025 ఫిబ్రవరిలో తేల్చిరి. బరువే లేనిచోట కాలికున్న పెత్తన మేపాటిది!

రెంటిని ఒకే కాలమున మోసినవారును ఉన్నారు, కాని వారు అరుదు. అమెరికా దేశపు రైతుబిడ్డ చెరీ బ్లావెట్ పసితనమున ట్రాక్టరు ప్రమాదమున నడుము క్రింద చలనము కోల్పోయెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున వైద్యము చదువు కాలముననే చక్రాల కుర్చీ పందెములలో పరుగిడి, 2004లో ఏథెన్సున 800 మీటర్ల స్వర్ణమును, 2004, 2005 సంవత్సరములలో బోస్టను మారథాను విజయమును సాధించెను. నేడామె క్రీడావైద్యురాలు. మన దేశమున కన్నడిగుడైన సుహాస్ యతిరాజ్ సూరత్కల్లున కంప్యూటరు ఇంజనీరింగు చదివి ఐ.ఏ.ఎస్. అధికారి యయ్యెను, ఒక జిల్లా పాలనాధికారిగా ఉన్న కాలముననే టోక్యోలో బ్యాడ్మింటన్ రజతము గెలిచెను, ప్యారిస్‌లో మరల గెలిచెను. కచేరి పని ముగిసిన పిమ్మట రాత్రివేళల నభ్యాసము చేసెడివాడు. అయితే ఆయన చీలమండ వైకల్యము ఎస్.ఎల్. 4 వర్గమునకు చెందినది. అనగా ఆ మూడవ అప్పులవాడు ఆయనయెడ కొంత మెత్తనివాడని చెప్పవలెను. ఆయన శ్రమను తగ్గించుటకు కాదు, ఆయనను చూపి అందఱిని "నీవేల చేయలేవు?" అని నిలదీయుట న్యాయము కాదని చెప్పుటకే.

ఈ జీవితముల నన్నింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో నాకు తోచున దొక్కటి. సమతూకము అను మాటను మనము దినచర్య పట్టికతో కొలచుచున్నాము: ఇన్ని గంటలు చదువు, ఇన్ని గంటలు ఆట అని. వీరిలో పెక్కురు దానిని సంవత్సరములతో కొలచిరి. కొన్నియేండ్లు శాస్త్రము ముందు, ఆట వెనుక. కొన్నియేండ్లు ఆట ముందు, శాస్త్రము వెనుక. ఒకటి వెనుకబడినపుడు అది చచ్చిపోకుండ నిలుచుటయే అసలు చిక్కు. నిలువవలెననగా విడిచిపోయినవారిని మరల చేర్చుకొను ఉద్యోగశాల యుండవలెను, వయస్సు మీఱెనని త్రోసిపుచ్చని కళాశాల యుండవలెను. మెక్‌ఫాల్ ముప్పదియేండ్లు దాటిన పిమ్మట వైద్యుడైనాడు. మన దేశమున ఇంటరు ముగియగనే ప్రవేశపరీక్ష, అది తప్పినచో ఇక జీవితమే తప్పిపోయినట్లు తలచెడి వాతావరణమున ఎందఱికట్టి వీలు గలదు?

శాస్త్రము క్రీడాకారుని ఋణపడజేయుటే గాక తానును ఋణపడును. దీనికి నిదర్శనము మన హైదరాబాదుననే జరిగినది. అబ్దుల్ కలాముగారు అచ్చటి క్షిపణి పరిశోధనశాలలో పనిచేయుచున్న కాలమున నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు ఆ ప్రయోగశాలను చూడవచ్చెను. అగ్ని క్షిపణికై తయారు చేసిన తేలికైన పదార్థమును చేతబట్టి, ఆయన కలాముగారిని తన ఆసుపత్రికి కొనిపోయి, మూడేసి కిలోలకు పైబడిన ఇనుప పట్టీలను కాళ్ల కీడ్చుచు నడచు పిల్లలను చూపెను. కొలది వారములలో 300 గ్రాముల పట్టీలు తయారైనవి. కలాముగారు ఈ సంగతిని పలుమార్లు చెప్పి, ఆ పిల్లలు పరుగెత్తుట తనకు గొప్ప ఆనందమని తలచుకొనెడివారు. ఇనుప పట్టీతో నడచిన బిడ్డయే పెరిగి ప్రయోగశాలలో కూర్చున్నచో ఆ పట్టీ బరువును తగ్గించుటకు వైద్యుడు వచ్చి చూపువఱకు వేచియుండ నక్కఱ లేదు. వికలాంగులు శాస్త్రములోనికి రావలెననుటకు జాలి కారణము కాదు; వారికి తెలిసినది ఇతరులకు తెలియదు.

అట్లు రావలసినవారిని ఇంటరు గడపలోనే ఆపిన సందర్భములు మనకు దూరమున లేవు. మచిలీపట్టణ ప్రాంతపు బొల్లా శ్రీకాంత్ పుట్టంధుడు. హైదరాబాదునందలి అంధుల పాఠశాలలో చదివి, చదరంగమును, చప్పుడు చేయు బంతితో క్రికెట్టును ఆడినవాడు. పదవ తరగతి పిమ్మట గణిత విజ్ఞానశాస్త్రములు చదువగోరగా నాటి నియమము అడ్డుపడెను: పటములు చూడలేనివానికి ఆ చదువు తగదట. ఆయన న్యాయస్థానము నాశ్రయించి, నెలలు వేచి, అనుమతి పొంది, నూటికి 98 మార్కులు తెచ్చుకొని, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరెను. నేడాయన పారిశ్రామికుడు. ఆయన గెలిచినాడు, మేలే. న్యాయవాదిని పెట్టుకొనలేని బిడ్డలు ఎందఱు వేఱు చదువులకు మరలిరో లెక్క వ్రాసినవారు లేరు.

నేటి చట్టము కొంత మెరుగు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించెను. నూటికి 40 పాళ్లు గాని అంతకు మించి గాని వైకల్యము గలవారికి 18 ఏండ్లవఱకు ఉచిత విద్యయు, ప్రభుత్వ ఉన్నత విద్యాలయములలో నూటికి 5 స్థానములును, ప్రభుత్వ ఉద్యోగములలో నూటికి 4 స్థానములును ఏర్పఱచెను. క్రీడలను గూర్చి ప్రత్యేకముగా ఒక విభాగమే అందు గలదు. తల్లిదండ్రులు మొదట చేయవలసినది ప్రభుత్వ ఆసుపత్రిలో వైకల్య ధ్రువపత్రము సంపాదించుట. బిడ్డ పదవ తరగతికి వచ్చువఱకు దీనిని వాయిదా వేయువారు గలరు. అప్పటికి పరీక్షలో అదనపు సమయము కోరుటకు గడువు ముంచుకొని వచ్చును.

పాఠశాలలో చేయదగినదానికి డబ్బు పెద్దగా అక్కఱలేదు. ఎస్.ఎల్. 3 వారి కోర్టుకు సున్నముతో గీచిన గీత చాలును. కూర్చుండి ఆడు వాలీబాల్ ఆటకు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల చదునైన నేలయు, పురుషులకు 1.15 మీటర్ల ఎత్తున, స్త్రీలకు 1.05 మీటర్ల ఎత్తున కట్టిన వలయు కావలెను. కాళ్లు బాగుగా నున్న పిల్లలును నేలపై కూర్చుండి వారితో ఆడవచ్చును, మొదట ఓడిపోవుట వారే! గుండు విసరు ఆటకు కుర్చీని నేలకు గట్టిగా బిగించి కట్టిన చాలును. మన బాన్సువాడ చుట్టుప్రక్కల వరికోతలైన పిమ్మట ఎండిన మడి ఏదైనను ఇందులకు పనికివచ్చును.

ప్రయోగశాల సంగతి కొంత వేఱు, అయినను కష్టము కాదు. రసాయనశాస్త్రపు బల్లలు నిలువబడువారి కొఱకు కట్టినవి. బ్యూరెట్టు ఎత్తుగా నుండుట చేత కూర్చున్న విద్యార్థి దాని గీతను కన్నునకు సమముగా చూడలేడు, కొలత తప్పును, మార్కు పోవును. ఆ పిమ్మట వానికి లెక్క రాదందురు. ఒక్క బల్లను కురుచ చేసి, దానిపై బ్యూరెట్టు స్తంభమును బిగించి, ప్రక్కన చక్రాల కుర్చీ తిరుగునంత చోటు విడిచినచో ఆ కొలత సరిపోవును. బల్ల కాళ్లు కోయుటకు వడ్రంగికి ఒక పూట పని.